భోజనం తర్వాత ఒక వచనం

కాంపౌండర్ మామయ్యకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరికి ఏ కష్టమొచ్చినా బైబిల్లోంచి ఒక వచనం వెతికి, మందుచీటీ రాసి చేతిలో పెట్టేవాడు. ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు సీసాలకి చీటీలంటించిన చెయ్యి, రిటైరయినంత మాత్రాన ఊరుకుంటుందా? చెవి మీద పెన్సిలు, జేబులో చీటీల కట్ట, చంకలో అట్ట ఊడిన బైబిలు. కష్టం విని కళ్ళజోడు సవరించుకుని అధ్యాయం, వచనం, మోతాదు రాసేసేవాడు.

నోరు అదుపులో లేని మంగలికి యాకోబు మూడో అధ్యాయం, రెండు పూటలా, భోజనం తర్వాత. తగువు లేనిదే పొద్దుపోని ఎదురింటి దంపతులకి ఎఫెసీ నాలుగు, ఇరవై ఆరు. పొద్దు గుంకేలోపు కోపం చల్లారాలని కదా అందులో ఉన్నది, అందుకని "సూర్యాస్తమయానికి గంట ముందు" అని రాశాడు. ముసురు పట్టిన వారంలో ఆ ఇంటాయన గొడుగేసుకుని వచ్చి, సూర్యుడే కనబడటం లేదు, ఎన్నింటికి రాజీపడమంటారని అడిగాడు. మామయ్య ఆ చీటీ వెనక్కి తీసుకుని, "అనుమానంగా ఉంటే వెంటనే" అని కింద చేర్చాడు.

కుక్కలంటే హడలిపోయే పోస్టుమాన్‌కి సింహాల గుహలో దానియేలు కథ.

"గేటు తీసే ముందు ఒకసారి," అన్నాడు మామయ్య.

"నేను చదువుతా సరేనండీ. కుక్కకెవరు చదివి వినిపిస్తారు?"

ఈ వైద్యమంతా జరిగేది కోడలి కుట్టుమిషను పక్కనే. ముందు గది ఒక్కటే, ఇద్దరికీ అదే దుకాణం. దారం తెగితే ఓర్పు కోసం యోబు, సూది విరిగితే మళ్ళీ యోబు. ఆ చీటీలన్నీ ఆమె గుండీల డబ్బాలో పడేసి మూత పెట్టేది. ఆయనకి ఎదురు చెప్పలేక కాదు, చెబితే దానికీ ఒక చీటీ రాస్తాడని.

అలాంటి రోజుల్లో హెడ్ నర్సు కూతురి పెళ్ళిగౌను కుట్టే పని వచ్చింది. ఆవిడ వార్డులోకి అడుగుపెడితే రోగులు దగ్గు కూడా వాయిదా వేసుకునేవారట. తెచ్చిచ్చింది మెరుపు ఒక్క వైపే ఉన్న శాటిన్, బట్టల కొట్లో మిగిలిన ఆఖరి ముక్క. పెళ్ళి మూడు రోజుల్లో ఉంది. ఆవిడ మెచ్చుకుంటే చర్చిలో సగం మంది కోడలి దగ్గరే కుట్టించుకుంటారు. పెదవి విరిస్తే మిషను మీద దుప్పటి కప్పుకోవాల్సిందే.

గౌను చేతులు కత్తిరించేటప్పుడు మెరుపు మీద మెరుపు పడేలా గుడ్డ మడవాలి. అప్పుడే ఒకటి కుడిదీ ఒకటి ఎడమదీ వస్తాయి. సరిగ్గా ఆ వేళకే మామయ్య, కంగారు పడకూడదని మత్తయి ఆరో అధ్యాయం పైకి చదివి వినిపిస్తున్నాడు. ఆమె ఊఁ కొడుతూ మడవకుండా కత్తెర నడిపింది.

రెండూ ఎడమ చేతులే వచ్చాయి.

కోడలు నేల మీద కూలబడింది. మామయ్య జేబులోంచి చీటీ తీస్తుంటే ఆమెకి ఒళ్ళు మండింది. "మీ బైబిల్లో రెండు ఎడమ చేతుల గౌను కుట్టినవాళ్ళెవరైనా ఉన్నారా మామయ్యా?"

ఆయన నిజంగానే పేజీలు తిప్పాడు. చాలాసేపు తిప్పి, మూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పారిపోయాడనుకుంది ఆమె. మొహం కడుక్కుని, శాటిన్ మూటగట్టుకుని హెడ్ నర్సు ఇంటికి బయల్దేరింది.

గుమ్మం దగ్గర మామయ్య చెప్పులున్నాయి. లోపల్నించి ఆయన గొంతు. "తప్పు నాది సిస్టరమ్మా."

"కత్తెర మీరు పట్టారా?"

"పట్టలేదు. పట్టుకున్న పిల్ల చెవిలో గోల పెట్టాను. మత్తయి ఐదు, ఇరవై అయిదు. తప్పు చేసినవాడు దారిలోనే రాజీపడాలి. ఈ చీటీ నాకే రాసుకున్నాను."

కోడలు లోపలికి వెళ్ళి, "కత్తిరించింది నేనేనండీ," అంది.

హెడ్ నర్సు ఆమెని కూర్చోమంది. "మీ మామయ్య చీటీ ఎప్పుడూ ఒంటరిగా రాదమ్మాయ్. నేను కొత్తలో సీసాల ట్రే పడేసి ఏడుస్తుంటే నాకూ ఒకటిచ్చారు. ఇచ్చి, డాక్టరు ముందు నా పక్కన నిలబడ్డారు. ఇప్పుడు మాత్రం? మా కుక్క దాటేదాకా పోస్టుమాన్‌తో రోజూ నడిచొస్తున్నదెవరనుకున్నావు?"

ఆయన షికారుకి వెళ్తున్నాడనే అనుకుంది కోడలు ఇన్నాళ్ళూ. మామయ్య నేరం బయటపడ్డవాడిలా కిటికీలోంచి చూస్తున్నాడు.

అంతలో పెళ్ళికూతురు లోపల్నించి వచ్చి మూట విప్పింది. "పొట్టి చేతులైతే ఈ గుడ్డలో కుడిచెయ్యి వస్తుందా అక్కా?"

కోడలు పొడుగ్గా కత్తిరించిన ఎడమ చేతుల్లో ఒకటి పరిచి, కింది భాగం కొలిచి చూసింది. "వస్తుంది."

"నెల రోజులుగా పొట్టి చేతులే కావాలని ఏడుస్తున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఇక అమ్మకి వేరే దారి లేదు."

హెడ్ నర్సు కూతుర్నీ, మామయ్యనీ మార్చి మార్చి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. కోడలు మెడలోంచి టేపు తీసి పెళ్ళికూతురి భుజం మీద పెట్టింది.

"మోచేతి దాకా ఉండాలి," అంది తల్లి.

"ఇంకా పైకి," అంది కూతురు.

కోడలు ఇద్దరూ చెప్పినదానికి సరిగ్గా మధ్యలో, గుడ్డ మీద సుద్దతో గీత గీసింది.