కొత్త ఇంజనుకు తొలిపగ్గం

ఉదయగిరి కొండ కింద ఇంజను వెంగయ్య అనే మనిషి ఒకడుండేవాడు. పేరు విని ఆయనేదో ఇంజను నడిపిన మొనగాడనుకునేరు. నడపడం మాట దేవుడెరుగు, దాని కోసం ఎదురుచూసినందుకే ఆయనకా పేరు పడింది. ఒక మనిషి ఆశపడ్డాడని తెలిస్తే చాలు, దాన్ని పేరుగా మార్చి నెత్తిన రుద్దడంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు.

అసలు ఆయన పని కోడెలకు కాడి అలవాటు చేయడం. మెడ మీద మాను పడితే చాలు చిందులేసే కోడెను మచ్చిక చేసి, బండికీ మడకకూ వంగేటట్టు చేసి ఇచ్చేవాడు. దుత్తలూరు నుంచీ వింజమూరు నుంచీ ఆత్మకూరు దిక్కు నుంచీ రైతులు కోడెలను తోలుకొచ్చేవాళ్ళు. ఆ పనికి ఒక కట్టుబాటు ఉండేది. కోడె గలవాడు నలుగురి ఎదుట ఒక కొత్త పగ్గాన్ని కుడిచేత్తో వెంగయ్యకు అందించాలి. దాన్ని తొలిపగ్గం అనేవాళ్ళు. అది అందుకున్నాక ఏడాది పాటు ఆ కోడెను కట్టేదీ తోలేదీ ఆయనే. సొంతదారుడైనా సరే, ఆయన్ని అడక్కుండా దాని మీద చెయ్యి వేయడు. ఇదంతా నోటితో చెప్పుకోవడం ఉండదు. పగ్గం చేతులు మారిందంటే మాట అయిపోయినట్టే. ఆ తర్వాత "మరి నాకేనా?" అని అడగడమంటే అవతలివాడి పుట్టుకను శంకించడమే. వెంగయ్య జన్మలో ఎవరినీ అలా అడిగి ఎరగడు.

ధాత సంవత్సరంలో వానలు ఎగ్గొట్టాయి. మరుసటి ఏడు ఈశ్వర కూడా అదే దారి పట్టింది. మనుషులకే గంజి లేనప్పుడు కోడెలను పెంచేదెవరు? ఎక్కడి పశువులు అక్కడే డొక్కలెండి కూలిపోయాయి. వెంగయ్య మాత్రం తన సొంత జతను, మైలోడు చుక్కోడు అనే రెండెద్దులను, ఎలాగో బతికించుకున్నాడు. కొండవాలున నాగజెముడు మట్టలు నరికి, ముళ్ళు కాల్చి, ముక్కలు చేసి వాటికి పెట్టేవాడు. ఆ ముక్కలు కోసేది ఆయన భార్య పెంచలమ్మ. కాలగా మిగిలిన ముళ్ళు దిగి ఆమె అరచేతులు ఎప్పుడూ వాచే ఉండేవి. ఎద్దులకు అంత చాకిరీ చేసి, తాను ఆకులూ దుంపలూ తిని పడుకునేది.

ఆ రోజుల్లోనే ఆత్మకూరు దగ్గర ఒక చెరువుకట్టకు రాయి తోలే పనిని ఒక కాంట్రాక్టు దొర పట్టాడు. గుట్ట నుంచి కట్ట దాకా ఇనుప పట్టాలు పరిచి, రాళ్ళు నింపిన పెట్టెబండ్లను వాటి మీద ఎద్దుల చేత లాగించేవాడు. అక్కడి మేస్త్రి పెంచలనరసయ్య, పెంచలమ్మకు తోడబుట్టిన అన్న. దొర మాట జనానికీ జనం మాట దొరకూ చేరవేసేది ఆయనే. చెల్లెలూ బావా కొండ కింద మాడిపోతున్నారని తెలిసి ఆయనే మనిషిని పంపి పిలిపించుకున్నాడు. ఆ మేలు మేలే, కాదనకూడదు. వెంగయ్య ఎద్దులు పట్టాల మీద రాయి లాగాయి, పెంచలమ్మ కట్ట మీద మట్టి మోసింది, ఇంట్లో రోజూ జొన్నసంకటి ఉడికింది.

దొర దగ్గర అప్పటికే ఒక పాత ఇంజను ఉండేది. అదొక ఏనుగు. దాని బరువుకు పట్టాలు వంగేవి, ఆ కరువులో దానికి నీళ్ళు తాపడం ఎవరి వల్లా అయ్యేది కాదు. చివరికొకనాడు బాయిలరు పగిలి మూలపడింది. అప్పుడు మేస్త్రి ఒక కబురు తెచ్చాడు. దొరల సీమ నుంచి ఓడలో కొత్త రకం ఇంజను వస్తోందట. చిన్నదట. ఇలాంటి రాతిపనుల కోసమనే చేశారట. కట్టెలతోనే మండుతుందట, నీళ్ళు తక్కువ తాగుతుందట, వంకర పట్టాల మీద కూడా పడకుండా తిరుగుతుందట.

ఆ కబురుకు బండివాళ్ళ గుండెల్లో రాయి పడింది. అది వస్తే ఎద్దులకు పనేముంటుంది? ఆ కరువులో పని లేని ఎద్దుకు మేత లేదు, మేత లేని ఎద్దు కటికవాడి పాలు. బండివాళ్ళలో పెద్దవాడు పిచ్చయ్య అందరినీ కూర్చోబెట్టాడు. ఇంజను ముక్కలు ముక్కలుగా కృష్ణపట్నం రేవులో దిగుతుంది, అక్కడి నుంచి తేవాలంటే మన ఎద్దులే కావాలి, మనం కట్టకపోతే అది రేవులోనే తుప్పు పడుతుందని చెప్పాడు. అందరూ సరేనని ఒట్టేసుకున్నారు. వెంగయ్య కూడా వేశాడు.

ఒట్టు సంగతి మేస్త్రికి తెలియకుండా ఎలా ఉంటుంది? వెంగయ్య కదిలితే మిగతావాళ్ళు కదులుతారని కూడా ఆయనకు తెలుసు, ఎందుకంటే వాళ్ళ ఎద్దుల్లో సగం వెంగయ్య చేతి కింద కాడి నేర్చినవే. మర్నాడు పొద్దున అందరూ పనికి చేరిన వేళ దొరను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన చేతిలో కొత్త పగ్గం ఉంది.

"బావా, అది కూడా కోడే గదా," అన్నాడు. "కాడి నేర్పేవాడు లేకుంటే దాని బతుకేంది? ఇదిగో, పట్టు."

కుడిచేత్తో అందించాడు. నలుగురి ఎదుటా అందించాడు. పక్కన దొర చుట్ట కాలుస్తూ, ఏదో వేడుక అనుకొని నవ్వి తల ఊపాడు. వెంగయ్య ఒక్క క్షణం ఆ పగ్గం వంక చూశాడు. ఇంజను తన చేతికి వచ్చింది. ఇక ఏడాది పాటు తనకూ తన వాళ్ళకూ ఆకలి లేదు. రెండు చేతులా అందుకొని కళ్ళకద్దుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే పిచ్చయ్య దగ్గరికి వెళ్ళి ఒట్టు విడిపించమన్నాడు. ఇంజను మీద తానే ఉంటాడు కాబట్టి దానికి కట్టెలు తోలే పనీ నీళ్ళు తోలే పనీ వీళ్ళ ఎద్దులకే ఇప్పిస్తానన్నాడు. పిచ్చయ్య వెంటనే ఒప్పుకోలేదు. మేస్త్రిని నమ్మలేనన్నాడు, దొరను అసలే నమ్మలేనన్నాడు. చివరికి, "నిన్ను చూసి కడతా ఉండాం వెంగయ్యా, ఇంకెవర్నీ చూసి గాదు," అని ఒట్టు విడిచిపెట్టాడు.

ఇంజను ఓడ దిగే దాకా వెంగయ్య పడిన హడావుడి ఇంతా అంతా కాదు. పట్టాల వెంట నడుస్తూ గులకరాళ్ళు ఏరిపారేసేవాడు. కొత్తచోటికి వచ్చిన కోడె మొదటిరోజే తట్టుకుంటే జన్మంతా బెదురుతుందనేవాడు. దొర డేరాలో దాని బొమ్మ ఉందంటే మేస్త్రిని బతిమాలి చూసొచ్చాడు. పొగగొట్టం పొట్టిగా ముద్దుగా ఉందని, చక్రాలు నాలుగే ఉన్నాయని, కడుపు గుండ్రంగా నిండు చూలుదానిలా ఉందని దారిన పోయేవాళ్ళను ఆపి చెప్పేవాడు. అది కూసేటప్పుడు జడుసుకోకుండా ఎద్దులకు ముందే అలవాటు కావాలని వాటి చెవుల దగ్గర కొమ్ము ఊదేవాడు. పిల్లలు ఆయన వెంటపడి కూకూ అంటూ పరిగెత్తేవాళ్ళు. ఇంజను వెంగయ్య అనే పేరు పుట్టింది అప్పుడే. ఆయనకు కోపం రాకపోగా ముసిముసిగా నవ్వుకునేవాడు. పెంచలమ్మ మాత్రం ఇంజను మాట వచ్చినప్పుడల్లా పొయ్యి వైపు తిరిగేది. తన పిచ్చి చూసి నవ్వాపుకుంటోందని అనుకున్నాడు పాపం.

ఇంజను వచ్చిందని కబురందగానే బండ్లు కట్టుకొని కృష్ణపట్నం వెళ్ళారు. పెట్టెలతో పాటు మద్రాసు నుంచి దేవసహాయం అనే మనిషి కూడా దిగాడు. ముక్కలు బిగించిపోయే పనివాడనుకున్నాడు వెంగయ్య. "నువ్వెందుకు వచ్చినావు?" అని ఒక్క మాట అడిగి ఉంటే కథ రేవులోనే తేలిపోయేది. అడగలేదు. పగ్గం పట్టినవాడు అడగడు. పైగా ఆ మనిషి మంచివాడు. దారి పొడుగునా వెంగయ్య సంకటి అతను తిన్నాడు, అతని పొగాకు వెంగయ్య నమిలాడు. నిప్పు ఎక్కడ వేస్తారో ఆవిరి ఎటు పోతుందో విప్పి చూపించాడు కూడా.

సంగం దగ్గర పెన్న దాటాలి. నీళ్ళు లేవు, ఉన్నదంతా ఇసుక. బాయిలరు ఉన్న బండికి ముందుకాడి వెంగయ్య జతది. నడిమధ్యలో చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. వెంగయ్య ఎద్దులను కొట్టలేదు, ఆయన ఎప్పుడూ కొట్టడు. మైలోడి మెడ కింద తన భుజం కూడా ఆనించి పేరు పెట్టి పిలుస్తూ లాగాడు. బండి కదిలింది గానీ చుక్కోడు ముందుకాళ్ళ మీద కూలబడ్డాడు. లేచాక కుంటడం మొదలుపెట్టాడు. మోకాలి చిప్ప జరిగింది. ఇక ఆ ఎద్దు జన్మలో బరువు లాగదని ఆయనకు తెలిసిపోయింది. దాని మెడ కావలించుకొని ఏడ్చాడు. ఏడుస్తూనే, ఇక ఇంజను ఉందిలేరా నీకు కూర్చోబెట్టి మేపుతానని చెప్పాడు.

ఆత్మకూరులో దేవసహాయం ఇంజనును బిగించాడు. ఆకుపచ్చ రంగుతో, ఇత్తడి పట్టీలతో, నిజంగానే ముద్దుగా ఉంది. మొదటిసారి నిప్పు వేసే రోజున జనం విరగబడ్డారు. పసుపు కుంకుమలు పెట్టారు, టెంకాయ కొట్టారు. వెంగయ్య తలంటుకొని, ఉతికిన పంచె కట్టి, పగ్గం భుజాన వేసుకొని వచ్చాడు. చేత్తో ఇంజను వెన్ను నిమిరి మెట్టు మీద కాలు పెట్టాడు.

పైనున్న దేవసహాయం మర్యాదగానే దిగమన్నాడు. పైన ఇద్దరికే చోటని, నిప్పు చూసే తన తమ్ముడు ఇదిగో వస్తున్నాడని చెప్పాడు. వెంగయ్యకు అర్థం కాలేదు. అప్పుడు దేవసహాయమే ఆశ్చర్యపోయి, "దీన్ని నడపడానికి మమ్మల్ని మద్రాసులోనే కుదుర్చుకున్నారు గదయ్యా. మేస్త్రిగారు మాకు గుడిసె కూడా వేయించి పెట్టారే, మీకు తెలియదా?" అన్నాడు.

వెంగయ్య మేస్త్రి కోసం చూశాడు. పెంచలనరసయ్య అవతలి పక్కన వంగి, ఏమీ లేని చక్రంలో ఏదో వెతుకుతున్నాడు. ఇంజను కూసింది, కదిలింది, జనం దాని వెంట పరిగెత్తారు. వెంగయ్య అటు పోలేదు. దేవసహాయం చెప్పిన గుడిసె వైపు నడిచాడు.

కొత్త గుడిసె. వాకిట్లో దేవసహాయం భార్య చంటిబిడ్డను ఆడిస్తోంది. లోపలి నేల చక్కగా అలికి ఉంది, అంచుల వెంట చేపపొలుసుల్లా వేలిగీతలున్నాయి. ఆ గీతలు ఆయన తన ఇంట్లో రోజూ చూసేవే. నేల అంచున అలా వేళ్ళు తిప్పేది పెంచలమ్మ ఒక్కతే. ఆయన పెన్న ఇసుకలో ఎద్దుతో పాటు కాడి కింద వంగి ఉన్నప్పుడు ఆమె ఇక్కడ ఈ నేల అలుకుతూ ఉంది. మేస్త్రి మోసానికి మంటెత్తిన ఒళ్ళు అక్కడ చల్లబడిపోయింది.

ఇంటికి వెళ్ళి అడిగాడు. ఆమె దాచలేదు.

"తెలుసు. పగ్గం ఇయ్యకముందే మా యన్న చెప్పినాడు. నీకు తెలిస్తే నువ్వు కట్టవు. కట్టకపోతే ఇద్దర్నీ ఎల్లగొడతానన్నాడు."

"నాకు చెప్పుంటే నేను ఆలోచించుకోనా?"

"నువ్వు ఆలోచించవు. నీకు మాట కావాల. నాకు సంకటి కావాల." అరచేతులు చాపి చూపించింది. "మళ్ళా ఆ జెముడు కాడికి నేను పోలేను."

ఆమె చేతులు చూస్తే ఆమె అన్నదాంట్లో తప్పు కనబడలేదు, ముఖం చూస్తే క్షమించబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ పక్కన పడుకొని, ఇంజను గురించి ఆయన చెప్పినవన్నీ ఊ కొడుతూ విన్నది ఈమేనా అనుకున్నాడు.

సాయంత్రానికి బండివాళ్ళందరినీ ఇక రావద్దన్నారు. కట్టెలూ నీళ్ళూ కూడా ఇంజనే తెచ్చుకుంటుందట. అందరూ కలిసి వెంగయ్య గుడిసె ముందుకొచ్చారు. ఎవరూ అరవలేదు. పిచ్చయ్య ఒక్కడే ముందుకు వచ్చి, ఈ సంగతి ముందే తెలుసా అని అడిగాడు. తెలియదని వెంగయ్య ప్రమాణం చేశాడు. పిచ్చయ్య నమ్మబోయినట్టే కనిపించాడు. కానీ వాకిట్లో నిలబడ్డ పెంచలమ్మ వైపు తిరిగి, నీకు తెలుసా అమ్మా అన్నాడు. ఆమె తల వంచుకుంది. అంతకన్నా గట్టి జవాబు ఉండదు.

"నీ ఇంట్లో ఆడమనిషికి తెలిసింది నీకు తెలీదా వెంగయ్యా? ఈ మాట నా ఎద్దుకు చెప్పు, అది నమ్ముతాదేమో," అని పిచ్చయ్య వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు.

వెంగయ్య మేస్త్రి తమకు మిగిల్చిన మట్టిపని కూడా వదిలేసి, మైలోడినీ కుంటి చుక్కోడినీ నడిపించుకుంటూ ఉదయగిరి చేరాడు. పెంచలమ్మ వెనకాలే నడిచి వచ్చింది. ఈశ్వర తర్వాతి ఏడు బహుధాన్యలో వానలు పడ్డాయి, పల్లెల్లో మళ్ళీ కోడెలు పెరిగాయి గానీ ఆత్మకూరు దిక్కు నుంచి ఒక్కటీ ఆయన దగ్గరికి రాలేదు. ఆలుమగలిద్దరూ ఒకే ఇంట్లో చాలా కాలం బతికారు. ఆయన ఆమెను ఒక్క మాటా అనలేదు. వాన వస్తుందని ఆమె అన్నా, కూరలో ఉప్పు సరిపోయిందని అన్నా, ఒంట్లో బాగుందని అన్నా, నమ్మినట్టే తల ఊపి, ఆమె లోపలికి వెళ్ళాక లేచి తానే చూసుకునేవాడు.