అత్తర్ సాబు పళ్లు, నా విమానం కుర్చీలు

ఆ రోజుల్లో మా మెదక్‌లో పిచ్చిని పిచ్చి అనే అనేవారు, హాబీ అనేవారు కాదు. నాకున్నది విమానాల పిచ్చి. నిజం విమానం ఎక్కింది లేదు, దగ్గరగా చూసింది కూడా లేదు. రాందాస్ చౌరస్తా దగ్గర మందుల దుకాణం పైఅంతస్తులో ఒక పళ్ల దవాఖానా ఉండేది. దాని వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్లు తయారుచేయడం నా మొదటి ఉద్యోగం. మధ్యాహ్నం డాక్టర్ మేడమ్ భోజనానికి ఇంటికి వెళ్తే మళ్లీ నాలుగింటి దాకా వచ్చేవారు కాదు. కింద బజారంతా ఎండకు కళ్లు మూసుకునేది. కిటికీలోంచి వచ్చే వెలుగులో ప్లాస్టర్ ధూళి తేలుతుంటే నాకది మేఘాల్లా కనిపించేది. ఆ మేఘాల్లో నేను రోజూ రెండు గంటల పాటు మిగ్ యుద్ధవిమానం నడిపేవాణ్ణి. (మిగతా వేళల్లో నాకు సైకిల్ మీద వంతెన దాటడం కూడా భయమే.)

ఆ పిచ్చితోనే హైదరాబాద్ నుంచి ఒక కిట్టు కొనుక్కొచ్చాను. పెట్టె తెరిస్తే సన్నటి చట్రాలకు అంటుకుని ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని కత్తిరించి, రుద్ది, అతికించి, రంగు వేస్తే నిజం విమానంలో నలభై ఎనిమిదో వంతు విమానం తయారవుతుంది. అంతా బాగానే ఉంది కానీ పైలట్ కూర్చునే కుర్చీ మాత్రం మా బడి బెంచీలా చదునుగా ఉంది. పట్టీలు లేవు, తల ఆనించే దిండు లేదు. ఇలాంటివి సరిచేసుకోవడానికి విదేశాల్లో కుర్చీలు, చక్రాలు విడిగా అచ్చుపోసి అమ్ముతారని తెలుసు. అవి నా జీతానికి అందవని కూడా తెలుసు. అయితే నా బల్ల మీద మైనం ఉంది, దాన్ని చెక్కే పనిముట్లున్నాయి, నోటి అచ్చు తీసే ముద్ద ఉంది, చిగుళ్లు పోసే పొడి ఉంది. పన్నుకు పన్ను చేయగలిగినవాణ్ణి, కుర్చీకి కుర్చీ చేయలేనా అనిపించింది. చేశాను. ఎన్నో పాడుచేశాక వేలిగోరంత కుర్చీలు మూడు, రెండు చక్రాలతో సహా తయారయ్యాయి. ఒకటే లోపం. చిగుళ్ల పొడితో పోశాను కనుక అన్నీ లేత గులాబీ రంగులో ఉన్నాయి.

హైదరాబాద్‌లో ఒక బొమ్మ విమానాల ప్రదర్శనలో పరిచయమైన పెద్దాయన ఒకరుండేవారు. అందరూ ఆయన్ని బుక్ సార్ అనేవారు. రిటైరైన ఒంటరి మనిషి. ఆ ఒక్క మిగ్ మీదే పదకొండు పుస్తకాలు సేకరించారు. వాటిలో ఒక పెద్ద పుస్తకం ఉంది. విమానం కుర్చీ కిందికి కూడా కెమెరా దూర్చి తీసిన ఫోటోలు, ప్రతి తీగ ఎటు పోతుందో చూపించే బొమ్మలు ఉన్నాయందులో. నాకు నాలుగు పేజీల జిరాక్సు ఇచ్చి, "ముందు నీ చేతిపని చూపియ్యి. నచ్చితె పుస్తకమే ఇస్త" అన్నారు. ఆయన అంతవరకు ఆ పుస్తకాన్ని గడప దాటించలేదట. నాకు రెండు నెలలు దాని కలలే.

ఒక గురువారం మధ్యాహ్నం బల్ల మీద రెండు తెల్ల డబ్బాలు పెట్టాను. ఒకటి బుక్ సార్‌కు కొరియర్‌లో పోవాలి. రెండోది అత్తర్ సాబుది. మసీదు పక్క సందులో అత్తరు అమ్మే డెబ్బై ఏళ్ల పెద్దమనిషి ఆయన. కింది పళ్ల సెట్టు మధ్యకు విరిగితే బాగు చేయమని ఇచ్చారు. "ఆదివారం మా మనవరాలి నికా ఉంది బేటా, జర జల్ది చెయ్" అని మరీ మరీ చెప్పి వెళ్లారు. సెట్టు అతికించి, నున్నగా రుద్ది మెరిపించాను. చీటీల మీద పేర్లు రాసి డబ్బాలకు అంటించాను. తర్వాత వాటిలో పెట్టాల్సినవి పెట్టి మూతలు మూశాను. మూతలు మూసేటప్పుడు నేను మెదక్‌లో లేను. బుక్ సార్ ఇంట్లో ఆ పుస్తకం పేజీలు తిప్పుతున్నాను.

ఒక డబ్బా ఆ సాయంత్రమే కొరియర్‌లో పోయింది. మర్నాడు నమాజ్ తర్వాత అత్తర్ సాబు వచ్చి డబ్బా తీసుకుని హడావుడిగా వెళ్లారు. నాలుగింటికల్లా మళ్లీ మెట్లెక్కి వచ్చారు, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని. ఆయన కంటే ముందు గులాబీ అత్తరు వాసన గదిలోకి వచ్చింది.

"అరె బేటా, నా హెట్టేది?" అన్నారు. కింది పళ్లు లేని నోట్లో 'స' నిలవడం లేదు. (ఆ తర్వాతి మాటల్లో 'స'లు నేను పెట్టి రాస్తున్నవే.) డబ్బా తెరిచి నా బల్ల మీద బోర్లించారు. మూడు కుర్చీలు, రెండు చక్రాలు దొర్లాయి. "శంకరంపేట నుంచి వియ్యంకుడు వచ్చి కూసున్నడు. ఆయన ముంగట్నే తెరిచిన. 'సాబ్, గీ కుర్చీల మీద ఎవరు కూసుంటరు' అని అడుగుతుండు. నేనేం చెప్పాలె?"

"పైలట్ కూసుంటడు చాచా. విమానానికి ఏమన్నయితె గా కుర్చీతోని పాటు బయటికి దుంకుతడు" అన్నాను. ఆ సమయంలో ఆ వివరం ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు.

అత్తర్ సాబు ఒక కుర్చీని కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశారు. "నా పండ్ల తీరే అన్నట్టు. గట్టిగ తుమ్మితె అవి గూడ గిట్లనే దుంకుతయి" అని రుమాలు వెనక నవ్వడం మొదలుపెట్టారు. అప్పుడే భోజనం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ మేడమ్ మాత్రం నవ్వలేదు. "నువ్వు పండ్లు కడ్తున్నవా, విమానాలు కడ్తున్నవా? రేపు సాబ్ పండ్లు సాబ్ నోట్ల లేకుంటె సోమవారం నుంచి రాకు" అన్నారు. చిగుళ్ల పొడి ఎందుకంత తొందరగా అయిపోతోందో కూడా ఆమెకు అప్పుడే అర్థమైంది.

వెంటనే బుక్ సార్‌కు ఫోన్ చేశాను. నా మాట వినకుండానే ఆయన మొదలుపెట్టారు. "నీ డబ్బా పొద్దుగాలనే వచ్చింది. భూతద్దం పెట్టి చూసిన. పని మస్తుంది, ఒక్క గాలిబుడగ లేదు. కని ఇది విమానంల ఎక్కడిదో తెలుస్తలేదు. పుస్తకాలన్ని తిరగేసిన. ఇంజన్ లోపట తిరిగే చక్రంల సగమా? గట్లయితె రెక్కలు మరీ లావయినయి, స్కేలుకు పడవు."

"సార్... అవి పండ్లు సార్."

అవతల డబ్బా మూత టప్పున మూసిన చప్పుడు వినిపించింది. (ఆయన పళ్లు ఆయనకు ముప్పై రెండూ ఉన్నాయి. కట్టుడు పళ్లు చేతిలో పట్టుకోవడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టగానే సబ్బుతో చేతులు కడుక్కున్నానని తర్వాత చెప్పారు.)

శనివారం పొద్దున హైదరాబాద్ బస్సెక్కబోతుంటే అత్తర్ సాబు కూడా ఎక్కారు. ఇంటినిండా చుట్టాలను వదిలి వచ్చారు. "నేను గూడ వస్త. నిన్ను నమ్మితె మళ్ల ఏ విమానంల పెట్టి పంపుతవో" అన్నారు. కుర్చీలు, చక్రాలు మాత్రం తన రుమాలులో జాగ్రత్తగా మూటకట్టి తెచ్చారు.

బుక్ సార్ ఇంట్లో గోడలు కనిపించలేదు, అన్నీ పుస్తకాలే. ఆయన రెండు చేతులతో డబ్బా పట్టుకుని, దేవుడి పటం అందించినట్టు అత్తర్ సాబుకు అందించారు. సాబు పెరట్లో పళ్లు కడుక్కుని పెట్టుకొచ్చారు. ఒక్కసారిగా మనిషి పదేళ్లు చిన్నవాడయ్యాడు. "సలామ్ సార్" అన్నారు. 'స' గట్టిగా నిలబడింది. తర్వాత కుర్చీలో కూర్చోబోయి ఆగి, తల పైకెత్తి గాలి పీల్చారు.

"సార్, తప్పుగ అనుకోకుండ్రి. మీ ఇంట్ల ఏదో ఖరాబయితుంది."

"పాత పుస్తకాల వాసన సాబ్. నాకు గదే ఇష్టం."

"పాత కాయితం వాసన నాకెర్క లేదా? ఇది సీలన్ వాసన. తడి. గా మూలకు, కింది అరల చూడుండ్రి."

బుక్ సార్ నమ్మలేదు. అయినా వంగి కింది అరలోంచి నాలుగు పుస్తకాలు లాగారు. వెనక గోడంతా చెమ్మ. స్నానాలగది పైపు ఎక్కడో కారుతోంది. రెండు పుస్తకాల అట్టలు బూజుపట్టి గోడకు అంటుకుపోయాయి. సరిగ్గా ఆ పై అరలోనే మిగ్ పుస్తకాలు పదకొండూ ఉన్నాయి. ఆయన ముఖం చూసి నాకు భయం వేసింది. ఇంట్లో మనిషికి జబ్బు చేసిందని అప్పుడే తెలిసినవాడిలా నేలమీద కూలబడ్డారు. "ఇంకో వారమయితె..." అంటూ పై అరలోని పుస్తకాలు ఒక్కొక్కటే ఒళ్లోకి దించుకున్నారు.

మధ్యాహ్నం దాకా ముగ్గురం కలిసి పుస్తకాలు డాబా మీదికి మోశాం. ఎండలో దుప్పటి పరిచి, పేజీలు విప్పి పెట్టాం. గాలికి ఆ పేజీలన్నీ ఒక్కసారి లేస్తుంటే డాబా మీద పక్షుల గుంపు వాలినట్టుండేది. అత్తర్ సాబు ఒక్కో పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "గిది బతికింది, గిది జర ఎండాలె" అని తీర్పు చెప్పేవారు. ప్రేమకొద్దీ జేబులోంచి అత్తరు సీసా తీసి దూది తడపబోతే బుక్ సార్ పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నారు. "వద్దు సాబ్! నూనె మరక పడ్తది!"

చివరికి బుక్ సార్ రుమాలు మూట విప్పి నా కుర్చీలు చూశారు. భూతద్దంతో అటూ ఇటూ తిప్పారు. "పట్టీ కొక్కెం ఉల్టా పెట్టినవ్. కుడిదిక్కుండాలె" అన్నారు. "మిగిలింది మంచిగుంది. కని గీ గులాబి వాసనేంది?" అని నవ్వి, లేచి వెళ్లి ఆ పెద్ద పుస్తకం తెచ్చి నా చేతుల్లో పెట్టారు. ఎండకు వెచ్చగా ఉంది. "ఆర్నెల్లుంచుకో. అన్నం తినుకుంట చూడకు" అని మాత్రం అన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరిచాను. నర్సాపూర్ అడవి వచ్చేసరికి చెట్ల సందుల్లోంచి సాయంకాలపు ఎండ పేజీల మీద పడుతూ పోతూ ఉంది. పక్కన అత్తర్ సాబు నోటికి రుమాలు గట్టిగా అదిమిపట్టి నిద్రపోతున్నారు, ఎక్కడ పళ్లు దూకుతాయోనని. కాసేపటికి అడవి, ఎండ, విమానం అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నేనూ నిద్రపోయాను. మెదక్‌లో ఆయనే తట్టి లేపారు.

నికాకు నన్ను కూడా పిలిచారు. విందులో అత్తర్ సాబు అందరికీ కనిపించేలా ఎముక కొరికి చూపించారు. వియ్యంకుడి దగ్గరికి నన్ను తీసుకెళ్లి, "గీ పిల్లగాడే! విమానాలకు పండ్లు కడ్తడు" అని పరిచయం చేశారు. ఆయన నా వంక గౌరవంగా చూసి, "మంచి నౌకరీ" అన్నారు. సోమవారం మేడమ్ నన్ను లోపలికి రానిచ్చారు. చిగుళ్ల పొడి మాత్రం తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.

ఆ విమానం రెండేళ్లకు పూర్తయింది. పుస్తకం గడువులోపే తిరిగి ఇచ్చేశాను. అత్తర్ సాబు ఇప్పుడు లేరు. నాకిప్పుడు మెదక్‌లోనే సొంత ల్యాబ్ ఉంది. పళ్ల ఆకారం కంప్యూటర్ గీస్తుంది, మిషన్ చెక్కుతుంది. ఎప్పుడైనా హైదరాబాద్ వెళ్లి వస్తూ నర్సాపూర్ అడవి దాటుతుంటే, ఒళ్లో పుస్తకం పెట్టుకుని నోరు తెరుచుకుని నిద్రపోయిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. సోమవారం ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు, చేసిన తప్పు ఊరంతా తెలిసిపోయింది, అయినా అంత నిశ్చింతగా ఎలా నిద్రపోయాడోనని ఆశ్చర్యపోతాను. ఇప్పుడు నా ఉద్యోగం తీసేసేవాళ్లెవరూ లేరు. నిద్ర మాత్రం అంత తొందరగా రాదు.