పీచు మీద దిగే అలవాటు

2006 నవంబరు 12, ఆదివారం. ఇంకా పళ్ళు తోముకుంటుండగానే ఫోను మోగింది. "రేపు రమ్మన్నాను గానండి, ఇవాళే వచ్చేయండి. ఎంపిక పోటీలు ముందుకు జరిపారు. రేపు మధ్యాహ్నం రైలెక్కేయాలి" అన్నారు సూరిబాబు గారు. దేశం తరఫున మూడుసార్లు విదేశాల్లో జిమ్నాస్టిక్స్ పోటీలకు వెళ్ళిన రామచంద్రపురం మనిషి. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండి, చూసినదల్లా రాయాలనే పిచ్చి కొత్తగా పట్టుకున్న నేను, ఆయన సాధన చూడనివ్వమని చాలా రోజులుగా అడుగుతున్నాను. కాఫీ కూడా తాగకుండా బయలుదేరాను.

రాజమండ్రి కాంప్లెక్స్‌లో ఏడింటికి ద్వారపూడి, మండపేట మీదుగా రామచంద్రపురం వెళ్ళే బస్సు దొరికింది. గంటన్నర ప్రయాణం, టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. కోతకొచ్చిన చేలు దారంతా పసుప్పచ్చగా మెరుస్తున్నాయి కానీ, నాకు మాత్రం బస్సు ప్రతి స్టేజీలోనూ కావాలనే ఆగుతున్నట్టు అనిపించింది. దిగి ఆటో అడిగితే డ్రైవరు నవ్వాడు. "పల్టీల సూరిబాబు గారి పీచు షెడ్డుకాండి? ఎక్కండి, ఐదు రూపాయలిద్దురు గాని. అంత దూరం వెళ్ళి చివర్లో దిగేటప్పుడు నేలకి చెయ్యి ఆనించేశారండి బాబూ! పేపర్లో చూసి మా ఆవిడ ఆ పూట అన్నం తిన్లేదు."

కొబ్బరి పీచు తీసే ఆ షెడ్డు సూరిబాబు గారి అన్నయ్య వెంకన్న గారిది. పక్కన ఖాళీ స్థలంలో రెండు స్తంభాల మధ్య ఎత్తుగా ఇనుప కమ్మీ. కింద నిలబడ్డ పెద్దాయన సూరిబాబు గారికి చిన్నప్పటి నుంచీ నేర్పించిన డ్రిల్లు మాస్టారు. చెయ్యి ఆనిన సంగతి ఆయన్నే అడిగాను.

"అప్పట్లో పరుపులెక్కడివండి? కమ్మీ కింద పీచు కుప్ప పోసేవాళ్ళం. అందులో దిగితే కాళ్ళు కూరుకుపోతాయి, మోకాళ్ళు బాగా ముడవాలి. అదే ఒంట పట్టేసింది. అక్కడ గట్టి పరుపు మీదా అలాగే కూర్చుండిపోయాడు. చెయ్యి ఆనింది, పతకం పోయింది."

"మళ్ళీ అలాగే అయితే?"

"ఇరవయ్యారేళ్ళు వచ్చేశాయండి. ఈసారి జట్టులోకి తీసుకోకపోతే ఇంక ఎవరూ పిలవరు."

అందుకే కాలేజీ నుంచి పల్చటి పరుపులు తెచ్చి గట్టి నేల మీద వేశారట. ఆ మధ్య సాధనలో విరిగిన మడమ మానాక వాటి మీద దిగడం ఇవాళే మొదటిసారి. సూరిబాబు గారు చేతులకు సుద్ద రాసుకుని కమ్మీ ఎక్కారు. ఊగారు, వదల్లేక వేలాడి దిగిపోయారు. అటూ ఇటూ తిరిగారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ దిగిపోయారు. వెంకన్న గారు షెడ్డు గుమ్మంలో తువ్వాలు కొస నములుతూ నిలబడ్డారు.

"వదలరా!" అని అరిచారు మాస్టారు.

ఈసారి వదిలేశారు. గాల్లో రెండు పల్టీలు, మేకు దిగినట్టు నిలబడ్డారు. నేను చప్పట్లు కొట్టాను. ఆయన ముఖం మాత్రం ముడుచుకుంది. మడమతో పరుపును తన్ని చూసి, అంచు పట్టుకుని పైకి లేపారు. కింద బెత్తెడు మందాన పీచు పరిచి ఉంది.

"అన్నయ్యా! ఏంటిది?"

"పల్చగానేరా... మడమ మళ్ళీ విరుగుద్దేమోనని."

"పోటీక్కూడా బస్తా మోసుకొస్తావా?"

"ఆయన్నే పంపిద్దాంలేరా, పతకం పీచుకిస్తారు" అన్నారు మాస్టారు. వెంకన్న గారు గొంతుక్కూర్చుని గుప్పిళ్ళతో పీచు లాగేయసాగారు. సూరిబాబు గారు మళ్ళీ కమ్మీ వైపు నడవబోతే మాస్టారు చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు. అరచేతిలో చర్మం లేచిపోయి, సుద్దలో నెత్తురు కనబడింది. "ఇవాళ్టికి చాలు."

ఇక్కడి నెట్ సెంటర్లో కూర్చుని నా బ్లాగులో ఇది టైపు చేస్తున్నాను. కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆ నిలబడటంలో ఆయనది ఎంతో, అన్నయ్య పరిచిన పీచుది ఎంతో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. గుప్పిళ్ళతో పీచు తీసేస్తున్న ఆ అన్నయ్యను ఏ మాటతో రాయాలో కూడా తెలియడం లేదు. ఇటు రాదలచుకున్నవాళ్ళకు ఒక్క మాట: ఆదివారం రండి, షెడ్డులో మిషన్లు ఆగి ఉంటాయి. మిగతా రోజుల్లో ఆ మోతకు మాట వినబడదు.

నేను రాత్రికి మాస్టారింట్లో ఉండిపోతున్నాను. రేపు పొద్దున్న ఆరింటికి, చేతికి పట్టీ కట్టుకుని, ఒట్టి నేల మీద వేసిన పరుపు మీద సూరిబాబు గారు మళ్ళీ దిగుతారు. పరుపు వేసే పని అన్నయ్యకే అప్పగించారు.