తొమ్మిదో తలుపు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. పులివెందుల దగ్గరి పల్లెలో పుట్టినదాన్ని. మనుషులకు భయపడటానికే మాకు పొద్దు చాలేది కాదు, ఇక దయ్యాలకు భయపడే తీరిక ఎక్కడిది? ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు నేనే రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

పెళ్లయ్యాక ప్రొద్దుటూరు వచ్చాను. మా ఆయన బట్టల అంగడిలో పనిచేస్తాడు. నేను ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని పెళ్లిపత్రికలు, ఎన్నికలొస్తే పార్టీల కరపత్రాలు టైపు చేసిస్తాను. ఏ పార్టీవాళ్లు వచ్చినా కాదనను. ఫైళ్లు జమ్మలమడుగులోని ప్రెస్సుకు పంపడానికి నెట్ పెట్టించుకున్నాం. కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్ వచ్చి, వైరస్ రాకుండా ఏదో సాఫ్ట్‌వేర్ వేసి వెళ్లాడు.

నెల తిరక్కుండానే తెర మూలన ఎర్ర డబ్బా రావడం మొదలైంది. పోర్ట్ స్కాన్ అని ఉండేది. కింద ఆపడానికి బ్లాక్, రానివ్వడానికి అలో అని రెండు బటన్లు. మనం ఏదీ నొక్కకపోతే కాసేపటికి తనంతట తనే బ్లాక్ చేసుకునేది. రోజూ మధ్యాహ్నం రెండు దాటాక, ఒకటి తర్వాత ఒకటి వచ్చేవి. పని సాగక మస్తాన్‌ను పిలిపించాను.

"కంప్యూటర్‌కు తలుపులు శానా ఉంటాయక్కా. ఎవుడో యాడ్నో కూర్చోని ఒగొగ తలుపే కొట్టి చూస్తాండాడు, యాదన్నా తెరుచుకుంటాదేమోనని. అందరికీ వచ్చేదే ఇది. మనం తీయకుంటే సరి" అన్నాడు.

ఆ మాట విన్నాక మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోలేకపోయాను. అతనికి టీ ఇచ్చి పంపేసి, వంటింట్లో అలాగే నిలబడిపోయాను.

ఎందుకో చెప్పాలి. నా పెళ్లికి ముందు వచ్చిన ఎన్నికల్లో మా అన్న బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాడు. గొడవల రోజులకు మా వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. మనవాళ్లు ముందు తలుపు కొట్టరు, దొడ్డివైపు నుంచే వస్తారు. ముందు తలుపు కొడితే, గొంతు మనవాళ్లదే అయినా తీయకూడదు. మెడ మీద కత్తి పెట్టి పిలిపిస్తారు కాబట్టి. నాయన మాకు చిన్నప్పుడే ఇది నేర్పాడు.

పోలింగ్ రోజు మధ్యాహ్నం రెండు దాటాక, బూత్ ఉన్న బడి వైపు బాంబులు పేలాయి. వీధంతా గడియలు పడ్డాయి. తర్వాత ఎవరో పరిగెత్తుకొస్తూ వరసగా తలుపులు కొట్టడం వినిపించింది. ఒక్కో ఇంటికి ఒక్క దెబ్బ. ఎవరూ తీయలేదు. మాది తొమ్మిదో ఇల్లు. మా తలుపు మాత్రం మూడుసార్లు కొట్టాడు.

"పాపా, నేనే. తలుపు తీ" అన్నాడు అన్న.

గడియ మీద చెయ్యి వేశాను. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "వాడైతే ముందరెందుకొస్తాడు? తీయాకు" అన్నాడు.

చుట్టూ తిరిగి దొడ్డివైపు వచ్చేంత వ్యవధి అన్నకు లేదని మా ఇద్దరికీ తట్టలేదు. నాయన పట్టు అంత గట్టిదేమీ కాదు. విదిలించుకోవచ్చు. విదిలించుకోలేదు. అన్న మా గడప ముందే పోయాడు. తలుపు కొట్టేటప్పుడు అతని పక్కన ఎవరూ లేరట, తరుముకొచ్చేవాళ్లు ఇంకా వీధి మొదట్లోనే ఉన్నారట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

మూడుసార్లు కొట్టాడన్నది మేమిద్దరం ఎవరికీ చెప్పుకోలేదు. మరుసటేడు నాయన కూడా పోయాడు. మా ఆయనకు సైతం నేను చెప్పలేదు.

ఆ రోజు మస్తాన్ వెళ్లాక, ఏ తలుపు ఎన్నిసార్లు కొట్టారో ఆ సాఫ్ట్‌వేర్ రాసిపెట్టుకున్న పట్టీ తెరిచాను. రోజుకు తొమ్మిది తలుపులు. వాటి నంబర్లు రోజూ మారుతున్నాయి. మొదటి ఎనిమిదీ ఒక్కోసారి. తొమ్మిదోది మూడుసార్లు. నా కళ్లనే నమ్మక పదహారు రోజులు కాగితం మీద రాసుకున్నాను. ఒక్కరోజు కూడా లెక్క తప్పలేదు.

మస్తాన్ మళ్లీ వచ్చాడు. "ఇది బయట్నుంచి వచ్చేది కాదక్కా. కొట్టేవాని నంబరు మీ ఇంటి లోపల్దే. ఈడ ఇంగో కంప్యూటర్ ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు. లేదన్నాను. అన్నీ చెరిపేసి మొదటినుంచీ ఎక్కించాడు. మోడెం మార్చాడు. చివరికి నెట్ వైరే పీకేసి, ఇక ఎలా వస్తుందో చూద్దామని నా పక్కనే కూర్చున్నాడు. రెండు దాటింది. వచ్చింది. మస్తాన్ సంచి సర్దుకున్నాడు.

మా ఆయన కంప్యూటర్ అమ్మేద్దామన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆయనకు చెప్పలేకపోయాను. మధ్యాహ్నం రెండు దాటితే చాలు, పక్క గదిలోకి పోయి చెవులు మూసుకున్నా ఎనిమిది దాకా లెక్కపెట్టుకునేదాన్ని.

ఒకరోజు కంప్యూటర్ ముందే కూర్చున్నాను. ఎనిమిదీ వచ్చి పోయాయి. తొమ్మిదోది రాగానే అలో నొక్కాను. లేచి వెళ్లి మా ఇంటి ముందు తలుపు కూడా బార్లా తెరిచాను. పిచ్చిదాన్నే అనుకోండి. మెట్ల మీద ఎండ పడుతోంది. ఎవరూ లేరు. వెనక్కి వచ్చి చూస్తే తెర ఖాళీగా ఉంది. రెండోసారి రాలేదు, మూడోసారి రాలేదు.

ఆ మర్నాడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అన్నీ చెరిపేసి ఎక్కించడం వల్లే ఆగిపోయి ఉంటుందని మస్తాన్ అంటాడు. అయితే వైరు పీకేసిన రోజు ఎలా వచ్చిందని అడిగితే తెలియదంటాడు. నాకూ తెలియదు. ఎందుకు వచ్చేదో, ఎందుకు ఆగిందో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

అలో నొక్కితే మనసు తేలికపడుతుందేమో అనుకున్నాను. పడలేదు. ఆ రోజు ఒక్కసారి కొట్టగానే తీసి ఉంటే రెండోసారి, మూడోసారి కొట్టే అవసరం అన్నకు ఉండేది కాదని మాత్రం తెలిసింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికీ అలో పెట్టేశాను. మస్తాన్ తిడతాడు, తిట్టనీ. రెండు కాగానే పని ఆపి దాని ముందు కూర్చుంటాను. ఏమీ రావడం లేదు.