మొక్కు పేరు

నా పేరు జహంగీర్. మా ఊళ్లో జంగీరనే పిలిచేవారు. నాకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కలేదు. మా ఊరికి దగ్గరలోని దర్గాలో అమ్మ మొక్కుకుంది. నేను బతికాను. దర్గా దగ్గర మేకను కోసి, చుట్టాలందరికీ కందూరు భోజనం పెట్టి, అక్కడి పీరు పేరే నాకూ పెట్టారు. మా వైపు హిందువుల ఇళ్లలో ఇది మామూలే. మా మాదిగవాడలోనే ఇంకో జంగీరు ఉండేవాడు.

యూనివర్సిటీకి వచ్చాక, పర్షియన్ చదివే స్నేహితుడొకడు క్యాంటీన్‌లో నా పేరుకు అర్థం విప్పి చెప్పాడు.

"జహాన్ అంటే దునియా. గీర్ అంటే పట్టుకునేటోడు. దునియా మొత్తం నీ చేతుల ఉన్నట్టు."

ఆ రోజంతా గర్వంగా తిరిగాను.

పెళ్లయ్యాక హాస్టల్ వదిలి, తార్నాకలో ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. ఒకచోట టులెట్ బోర్డు చూసి ఇద్దరం మేడ ఎక్కాం. ఇంటాయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ ఉద్యోగి. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పేరడిగారు. చెప్పాను.

"ఏమీ అనుకోకండి. ముస్లింలకు ఇవ్వడం లేదండీ."

"మేం హిందువులమే సార్. దర్గ మొక్కుకు పెట్టిన్రు."

ఆయన ముఖం తేటపడింది. "అలాగా. మరి మీరేవిట్లు?"

కులం అడగడానికి వాళ్లు వాడే మాట అది. చెప్పాను.

"మా అబ్బాయితో మాట్లాడి ఫోన్ చేస్తాను బాబూ."

ఫోన్ రాలేదు. వారం తర్వాత అటు వెళ్తే బోర్డు అలాగే ఉంది.

చివరికి వారాసిగూడలో ఒక ముస్లిం కుటుంబం పైవాటా దొరికింది. ఇంటి పెద్దావిడ నా పేరు విని సంతోషించింది. దర్గా సంగతి చెప్పాక ముఖం ముడుచుకుని, "దర్గలకు మొక్కుడు తప్పు బేటా, అల్లాకే మొక్కాలె" అంటూనే తాళంచెవి ఇచ్చింది.

కొడుకు పుట్టినప్పుడు అమ్మ ఆ పీరు పేరే పెడదామంది. నేను మాట్లాడకముందే నా భార్య అడ్డుపడింది.

"వద్దత్తమ్మా. వీడు గూడ ఇంటింటికి పోయి, నేనెవరో చెప్పుకుంట తిరగాల్నా?"

అమ్మ నా వైపు చూసింది. "నిన్ను బతికించిన పేరు గదా బిడ్డా" అంది. ఫోన్‌లో వెతికి, ఏ ఊరివాడో ఏ కులంవాడో తెలియని రెండక్షరాల పేరు పెట్టాం.

అమ్మ ఒక్కసారి కూడా ఆ పేరు పలకలేదు. వాణ్ని చిన్నోడా అనే పిలుస్తుంది.