కుళ్ళాయప్ప చెప్పులు విడిచిన కంటైనర్

కుళ్ళాయప్పది కంబదూరు. బావులు తవ్వేవాడు. దిగేముందు గట్టు మీద చెప్పులు విడిచేవాడు. అవి ఉన్నంతసేపూ లోపల మనిషి ఉన్నట్టే. పైనుంచి ఎవరూ రాయి కూడా వేయరు. బోర్లు వచ్చి ఆ పని పోయాక మా వేరుశనగ గోదాములో చేరాడు. నేనక్కడ లారీల కాటా చూసేవాణ్ణి.

చెన్నై రేవు నుంచి లారీల మీద ఖాళీ కంటైనర్లు వచ్చేవి. కుళ్ళాయప్ప ఇక్కడా చెప్పులు విడిచి లోపలికి పోయి, తలుపులు మూయించుకుని, చీకట్లో చుట్టూ చూసేవాడు. సూదిమొనంత వెలుగు కనిపించినా అక్కడ నీళ్లు దిగుతాయి, సముద్రం దాటేలోపు పప్పు బూజు పడుతుంది.

2005లో స్కానర్ వచ్చింది. తలుపు మీది బార్‌కోడ్‌కు చూపితే రేవులో జరిగిన తనిఖీ వివరం వచ్చేది. పచ్చదీపం వెలిగితే పెట్టె మంచిదని లెక్క. సూపర్‌వైజర్ ప్రవీణ్ దాన్ని మెడలో వేసుకుని తిరిగేవాడు.

"ఇంగా లోపలికి దూరేదేంటికి పెద్దాయనా? రేవులోనే చూసినారంట."

"చూసింది మనిషేనా అప్పా, నీ మెడలో ఉండే మిషనా?"

మే నెలలో ఒక మధ్యాహ్నం. కుళ్ళాయప్ప లోపలికి వెళ్లాడు. తలుపులు నెట్టిన హమాలీ బీడీకి పోయాడు. ఊడ్చే మారెక్క, ఎండకు చెప్పులు కాలిపోతాయని తీసి గోడ నీడన పెట్టింది. ప్రవీణ్ వచ్చి చూశాడు. చెప్పులు లేవు. స్కానర్ చూపాడు. పచ్చ. గడియ వేసి, బుక్కరాయసముద్రంలోని మా ఇంకో గోదాముకు పంపేశాడు.

లారీ కాటా ఎక్కింది. వచ్చినప్పటికంటే నూట ఇరవై కేజీలు ఎక్కువ.

"ఖాళీదే అన్నా, పచ్చ చూపిచ్చినాది," అన్నాడు ప్రవీణ్.

డ్రైవర్ ఇంజను ఆపాడు. లోపల మూడు దెబ్బలు. కాస్త ఆగి, పెట్టె ఆ చివర నుంచి ఇంకో మూడు.

గడియ లాగాం. కుళ్ళాయప్ప తలుపు దగ్గరే కూలబడి ఉన్నాడు. దించి నీళ్లు తాగించాం. లోపల ఇంకెవరూ లేరు. కాటా చూశాను. అరవై కేజీలే తగ్గింది.

ప్రవీణ్ తలుపు మూయబోయాడు.

"మూయొద్దప్పా."

"ఏంటికి?"

"నేను కొట్టినప్పుడంతా ఆ మూలనుంచి ఎవురో బదులు కొట్టినారు. నేను బయటపడినా. వాణ్ణీ రానీ."

మారెక్కతో చెప్పులు తెప్పించి తలుపు కింద పెట్టించాడు. లారీని కాటా మీదే ఉంచాం. పొద్దు వాలేవేళ మిగిలిన అరవై ఒక్కసారిగా తగ్గింది.

చెప్పులు లేవు. తాను ముట్టలేదని మారెక్క ఒట్టేసింది. కుళ్ళాయప్ప వెతకలేదు. వట్టికాళ్లతోనే కంబదూరు బస్సెక్కాడు.