మరిది చేసిన నో-లోడ్ ట్రయల్

మా మరిది ప్లాంటులో మోటార్లు బాగుచేస్తాడు. అందుకని లోకంలో కరెంటుతో నడిచేదేదైనా మోటారేనని అతని నమ్మకం. ఆ నమ్మకానికి మా ఇంట్లో, గాజు బల్బుల్లాంటి వాల్వులతో పలికే పాత రేడియో బలైపోయింది.

అది మా ఆయనది. ఆయన పోయాక ఈ సోనారి కాలనీ ఇంట్లో ఆయన తాలూకు చప్పుడంటూ మిగిలింది అదొక్కటే. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకముందే రేడియో పెట్టేవారు. అది నిదానంగా వేడెక్కి, బరువైన గొంతుతో పలికేది. ఆయన దాన్ని బాగుచేసుకుంటుంటే పక్కన కూర్చునే నేను తీగలు అతికే సోల్డరింగ్ పని నేర్చుకున్నాను. మొన్నామధ్య వాల్యూమ్ తిప్పితే గరగరమంటోందని, శుభ్రం చేద్దామని వెనక అట్ట విప్పాను. అంతలో వీక్లీ ఆఫ్ అంటూ మరిది దిగాడు.

"నువ్వు లే వదినా. కరెంటు పని నీకేటి తెలుసు?" అని స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు. పిచ్చివాడి చేతిలో రాయి! స్పీకరు వైర్లు రెండూ పీకేశాడు.

"అదేటి? స్పీకరు లేకుండా రేడియో ఎట్టకూడదు. మీ అన్న ఎన్నిసార్లు సెప్పేరు!"

"ఏ మోటారైనా ముందు లోడు తీసేసి ఉత్తినే తిప్పి సూత్తాం. నో-లోడ్ ట్రయల్. ప్లాంటులో రూలది."

రూలట! లోడు తీస్తే మోటారుకి సుఖం, రేడియోకి చావు. వాల్వు నుంచి పాటను స్పీకరుకి అందించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటుంటుంది. స్పీకరు లేకపోతే పాట పోయే దారిలేక అది లోపల్లోపలే మాడిపోతుంది. అలాగే స్విచ్ వేసి, పైగా వాల్యూమ్ పూర్తిగా పెట్టాడు మహానుభావుడు. టిక్కుమంది. మాడు వాసన వచ్చింది. చివరి వాల్వు లోపల ఎర్రగా కాలుతుంటే నేనే వెళ్లి ప్లగ్ పీకాను.

"పాతది కదా, పోయింది" అన్నాడు చల్లగా. "లోపల సామాను తీసేసి బ్లూటూత్ పెట్టించేత్తాను."

నా ఒళ్లు మండిపోయింది. "ఇంకోసారి దాని మీద సెయ్యేత్తే మర్యాద దక్కదు" అన్నాను. నా నోట అలాంటి మాట వినడం అతనికి అదే మొదలు.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ని విప్పి ఆదిత్యపూర్‌లో కాయిల్స్ చుట్టే షాపుకి పట్టుకెళ్లాను. షాపతను నా వెనక్కి చూసి, "భాయ్‌సాబ్ నహీ ఆయే?" అన్నాడు, మీ ఆయన రాలేదా అని. మగాడు వెంట ఉంటేగాని ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు కాబోలు! భాయ్‌సాబ్ ఇక రారని చెప్పి, బల్ల మీద కూర్చున్నాను. వాల్వుకీ స్పీకరుకీ పొంతన కుదిర్చేదే కావాలి. పాత చుట్లు మాడి ముద్దయిపోయాయి, చూసి అలాంటిదే చుట్టడానికి వీల్లేదు. చివరికి పాత సామాన్లలో దానికి దగ్గరగా ఉన్నదొకటి వెతికి ఇచ్చాడు.

నేను దాన్ని బిగిస్తున్న రోజున మరిది మళ్లీ వచ్చాడు. ఈసారి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. సన్న తీగలు వాల్వు వైపు, లావు తీగలు స్పీకరు వైపు అతికించి స్విచ్ వేశాను. పలికింది. కానీ పలచగా, ముక్కుతో పాడినట్టు. ఆ బరువు లేదు. అన్నాళ్లూ కూడబెట్టుకున్న తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. తిట్టడానికే వెనక్కి తిరిగాను.

అతను ఏడుస్తున్నాడు.

"అన్నయ్య ఇంట్లో ఉన్నట్టే ఉంది. మునపట్లాగే పలికింది కదేటి వదినా?"

"అలాగే ఉంది బాబూ" అన్నాను. నా చేత ఆ అబద్ధం ఆడించినందుకు అతన్ని ఇప్పటికీ క్షమించలేదు.